దివాణం మొక్క

నేను చెప్తున్నాను, మా మనవరాలు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు, అదీ పొదుపు సంఘంలో బలవంతాన నేర్పించారు కాబట్టి. ఇది కాలేజీకి వెళ్తోంది. రాసిందల్లా మళ్ళీ చదివి వినిపించమంటాను. నా మాట కానిది ఎక్కడన్నా పడితే కొట్టించేస్తాను. మొదట్లోనే రెండు చోట్ల ‘ఆవేదన’ అని రాసింది. ‘ఏవిటే అది?’ అంటే ‘బాధ అమ్మమ్మా’ అంది. బాధ అయితే బాధ అనే రాయమన్నాను. నేను పుట్టి బుద్ధెరిగి ఆ మాట అనలేదండి.

ఇదంతా ఎందుకు మొదలైందంటే, మొన్న ఆషాఢంలో మా పెద్దాడు అన్న ఒక్క మాట వల్ల. కాలవకి నీళ్ళు వదిలి నాలుగు రోజులైంది. మాకున్నది ఎకరం చేను. చుట్టూ చేపల చెరువులే, మధ్యలో మాదీ ఇంకో పదకొండు ఇళ్ళవాళ్ళవీ వరి చేలు మిగిలినయ్యి. నారు ఎదిగి కూర్చుంది. మావాడు చూస్తే వీధరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ‘ఏరా, నీళ్ళు పెట్టలేదే?’ అన్నాను. ‘ముందు చెరువులోళ్ళు తోడుకోనియ్యి అమ్మా. వాళ్ళయ్యాక మనం పెట్టుకుందాం’ అన్నాడు. ‘చెరువులోళ్ళు అలా చెప్పారా?’ అన్నాను. ‘ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ అంతేగా’ అన్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎప్పుడూ అంతేగా. ఆ మాట వినేసరికి నా కాళ్ళ కింద బురద కదిలినట్టయింది. నలభై ఏళ్ళు దాటిందేమో, అచ్చం అదే మాట, అదే గొంతు, వాళ్ళ తాత నోట విన్నాను. మా ఆయన పోయి రెండేళ్ళయింది, ఆయన ఉంటే ఆయనే గుర్తు చేసేవాడు. ఇప్పుడు గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి చెప్పి రాయిస్తున్నాను.

మా పుట్టిల్లు కొల్లేటి లంక. వానాకాలం వచ్చిందంటే గుమ్మం దాకా నీళ్ళు. పక్కింటికి వెళ్ళాలన్నా దోనె కావాలి. మా నాన్న తెల్లారకుండానే దోనె తోసుకుని, ఎటు బుద్ధి పుడితే అటు వెళ్ళి, వెదురు బుట్టలు ముంచి, మట్టగిడసలూ ఇంగిలాయిలూ, దొరికిన చేపల్లా పట్టుకొచ్చేవాడు. ఇంటి నిండా నాచు వాసన, నీచు వాసన, తడిసిన తాటాకు వాసన. కొల్లేటి మీద కూడా పెద్దవాళ్ళ హక్కులూ తగాదాలూ ఉండేవని తర్వాత తెలిసింది గానీ, చిన్నపిల్లని, నాకు కనిపించింది ఒకటే. ఎవరి దోనె ముందు కదిలితే వాళ్ళు ముందు వెళ్తారు. ఆ లెక్కలో పెరిగినదాన్ని తీసుకొచ్చి గణపవరం పక్కన పల్లెటూళ్ళో, వరి చేల మధ్య పడేశారు. పెళ్ళినాటికి నాకు వరిమొక్క ఏ చేత్తో పట్టుకోవాలో తెలీదండి.

ఆ ఊళ్ళో ఏ గట్టు మీద నిలబడి చూసినా కనిపించినంత మేరా దివాణం వాళ్ళ చేలే. దివాణం అంటే దొరగారి ఇల్లు. పెద్ద మండువా లోగిలి, వెనకాల ధాన్యపు గాదెలు, ఆ వెనకాల గొడ్లపాకలు. జమీందారీలు ఎప్పుడో పోయాయని అందరూ అనేవారు. పోయినా ఆ ఇల్లు దివాణమే, ఆయన దొరగారే, మేం వాళ్ళ మనుషులమే. కాయితాల్లో ఏం మారిందో మా దాకా రాలేదు. మా మావగారు వీరాస్వామి అక్కడ పెద్ద పాలేరు. ఆయన తండ్రి కూడా అక్కడే పాలేరు. మా మావయ్య కోడి కూయకముందే లేచి వెళ్ళి ఎడ్లకి ఉలవలు ఉడకేసేవాడు. ఉడికిన ఉలవల వాసన, పచ్చి పేడ వాసన, చుట్ట వాసన. ఆయన వాకిట్లోకి వస్తున్నాడంటే ముందు ఈ మూడూ వచ్చేవి. దివాణం వీధి మలుపు తిరగ్గానే తలపాగా తీసి చంకలో పెట్టుకునేవాడు. దొరగారు ఊళ్ళో లేకపోయినా అంతే. ఇంకో సంగతి చెప్తే మీరు నవ్వుతారు. దివాణం ఎడ్లతో ఆయన మర్యాదగా మాట్లాడేవాడు. ‘పదండి బాబూ, ఎండెక్కుతోంది, కాస్త కదలండి’ అనేవాడు. మా ఇంట్లో మేక ఉండేది, దాన్ని మాత్రం ‘చావవే’ అనేవాడు. నేను కొత్త కోడల్ని, పొయ్యి దగ్గర మొహం దాచుకుని నవ్వుకునేదాన్ని. మా ఆయన సత్యం మాత్రం నవ్వేవాడు కాదు. ఆయన పనిలేని రోజుల్లో తాడేపల్లిగూడెం మార్కెట్‌కి ఉల్లిపాయ బస్తాలు మొయ్యడానికి వెళ్ళేవాడు. ‘గూడెంలో లారీ ఆగిందంటే ఎవడు ముందు చెయ్యేస్తే బస్తా వాడిదే. మా నాన్నని అక్కడ వదిలితే లారీకి కూడా దణ్ణం పెట్టి నిలబడతాడు’ అనేవాడు.

దొరగారి భార్యని అందరూ అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ మంచిది. అబద్ధం ఎందుకు చెప్పాలి? మాకు అన్నం పెరట్లోనే పెట్టేది, మా గిన్నె మేమే తెచ్చుకోవాలి, మంచినీళ్ళు పైనించి పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఆ పద్ధతి ఆవిడ పెట్టింది కాదు, తీసేసిందీ కాదు. అయితే ఆ గిన్నెలో ఆవిడ వేసే మాగాయ పచ్చడి ముక్క రుచి ఇప్పటికీ నా నాలిక మీద ఉంది. నేను కడుపుతో ఉన్నానని తెలిసి రోజూ సున్నుండ ఒకటి కాయితంలో చుట్టి మా మావయ్య చేతికిచ్చి పంపేది. ఆయన దాన్ని తలపాగాలో పెట్టుకుని తెచ్చేవాడు. విప్పేసరికి సున్నుండ మీద వేలిముద్రలు ఉండేవి, నెయ్యి వాసనతో పాటు చుట్ట వాసన కొట్టేది. అలాగే తినేసేదాన్ని. ఆ కడుపులో ఉన్నవాడే ఈ పెద్దాడు.

ఇంక ఊడ్పుల సంగతి. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. సార్వాకి, అదే తొలకరి పంటకి, కాలవ నీళ్ళు వచ్చాక, మంచిరోజు చూసి, దివాణం పెద్దచేను ఈశాన్యం మూల కొంచెం మేర పారతో తవ్వి, కాళ్ళతో తొక్కి, గుప్పెడు నారు నాటేవారు. అమ్మగారు పసుపు కుంకుమ చల్లేది. నారు కట్ట మోసుకెళ్ళి ఆ గుప్పెడూ నాటేది మా మావయ్య. మిగతా చేను బురదగా దున్ని దమ్ము చెయ్యడం, నాటడం తర్వాత ఎప్పుడో. ఆ గుప్పెడు నారునే దివాణం మొక్క అనేవారు. ‘దివాణం మొక్క పడిందా?’ ‘పడింది.’ ఇంక ఊరంతా దిగేది. అది పడేదాకా ఎవరి చేలోనూ ఎవరూ మొక్క పెట్టరు. నారు ఎంత ఎదగనీ, నీళ్ళు ఎన్ని రానీ. ‘పెడితే ఏమవుద్ది?’ అని అడిగాను ఒకసారి, ఊడ్పుల ముఠా నడిపే పోలమ్మత్తని. ఆవిడే నాకు నాటడం నేర్పించింది, నేర్పించినంతసేపూ తిట్టింది. ‘కొల్లేటి పిల్లా, నీకు మొక్క ఎలా పట్టుకోవాలో రాదు గానీ ఎప్పుడు పెట్టాలో కావలసొచ్చిందా? వంగు’ అంది.

సీలింగు వచ్చింది. ఒకళ్ళకి ఇంత కంటే ఎక్కువ భూమి ఉండకూడదన్నారు. దివాణం వాళ్ళ భూముల్లో చాలావరకు ఎవరెవరి పేర్లమీదో మారిపోయిందిట, అది పెద్దవాళ్ళ సంగతి. కొల్లేటి వైపు ఉన్న పల్లపు చేలు మాత్రం గవర్నమెంటు తీసుకుని మా పేటలో పన్నెండు ఇళ్ళకి తలా ఎకరం పట్టాలిచ్చారు. జీపులో ఆఫీసరుగారు వచ్చి పేరు పిలిచి కాయితం చేతికిచ్చాడు. మా మావయ్య ఆ కాయితం రెండు చేతులా పట్టుకుని ఇంటికి రాలేదండి. తిన్నగా దివాణానికి వెళ్ళాడు. నేను వాళ్ళ పెరట్లోనే ధాన్యం చెరుగుతున్నాను, నా కళ్ళతో చూశాను. ‘అమ్మగారండీ, ఇది కాస్త మీ ఇనప్పెట్టెలో ఉంచండి. మా కొంపలో చెదలు’ అన్నాడు. ఏ ఇంట్లోంచి తీసి మాకిచ్చారో ఆ ఇంటికే దాచిపెట్టమని పట్టుకెళ్ళాడు. అమ్మగారు ఆ కాయితం వంక చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ‘ఇది నా దగ్గర ఉండకూడదు వీరాస్వామీ. నీ పెట్టెలో పెట్టుకో’ అంది. ‘పెట్టె లేదండి’ అన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి ఖాళీ బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాక రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ‘ఇన్నేళ్ళు చేశాను. ఓ కాయితం దాచమంటే దాచలేదు’ అన్నాడు చివరికి. భూమి వచ్చిన సంతోషం ఆయన మొహంలో నేను చూడలేదు. పరాయివాడయిపోయాననే అనుకున్నాడు.

ఆ ఏడు మేం మొదటిసారి మా చేనుకని నారు పోసుకున్నాం. మా ఆయన ఉల్లిపాయ బస్తాలు మోసిన డబ్బులతో విత్తనాలు తెచ్చాడు. పన్నెండు ఇళ్ళవాళ్ళూ పక్కపక్కనే నారుమళ్ళు పోశారు. ఆ పచ్చదనం ఎలా ఉండేదంటే, పొద్దున్నే వెళ్ళి ఊరికే చూసి వచ్చేదాన్ని. నీళ్ళు వచ్చాయి. అరువు ఎడ్లతో మావాళ్ళు దమ్ము చేసేశారు. నారు అందుకొచ్చింది. దివాణం మొక్క మాత్రం పడలేదు.

వారం చూశారు. దివాణం వాళ్ళు ఆ ఏడు అసలు నారే పొయ్యలేదు. అది అందరికీ కనిపిస్తూనే ఉంది. కనిపించినదానికి ఒక్కొక్కళ్ళు ఒక్కో కారణం చెప్పుకున్నారు. పెంటపాడులో వాళ్ళ చుట్టాలున్నారు, అక్కణ్ణించి బళ్ళ మీద నారు తోలిస్తారన్నారు. దొరగారికి ఒంట్లో బాగోక ఏలూరులో వాళ్ళ పెద్దకొడుకు, పెద్దబాబుగారింట్లో ఉన్నారు, ఆయన రాగానే మొదలెడతారన్నారు. మంచిరోజు కుదర్లేదన్నారు. సాయంత్రం అయ్యేసరికి పన్నెండు ఇళ్ళ మగాళ్ళూ గట్టు మీద వరసగా కూర్చునేవారు, కొంగలు కూర్చున్నట్టు.

‘నీ చేను మొదలెట్టరా సత్యం, నువ్వు గూడెం తిరిగినోడివి’ అనేవాడొకడు.

‘మీరు మొదలెట్టండి బాబాయ్, మీరు పెద్దోళ్ళు’ అనేవాడు మా ఆయన.

‘మీ నాన్న పెద్ద పాలేరు. ఆయన చేను తర్వాతే మాది.’

‘మా నాన్న దివాణం తర్వాతే అంటాడు.’

‘మరంతేగా.’

ఇరవయ్యయిదు రోజులకి నాటాల్సిన నారు నెల దాటింది. నెల దాటి పది రోజులైంది. పచ్చదనం పోయి పసుపు తిరిగింది. పోలమ్మత్త ఒక మొక్క పీకి గోటితో చీల్చి నాకు చూపించింది. ‘కణుపు పడిపోతోంది చూడు. ఇంక ఇది నాటినా పిలక వెయ్యదు. నాలుగు రోజులు, అంతే. తర్వాత గొడ్లకెయ్యాల్సిందే’ అంది. ఆవిడకీ ఎకరం వచ్చింది. ‘మరి నువ్వు దిగు అత్తా’ అన్నాను. ‘నేనా!’ అని ఆవిడ అదోలా చూసింది. ముఠాలో ముప్ఫై మందిని నోటితో ఆడించే మనిషి, ఆ రోజు చిన్నపిల్లలా భయపడింది.

ఇంట్లో తండ్రీ కొడుకులు మాటా మాటా అనుకున్నారు. ‘మన చేను నాన్నా. పట్టా ఉంది, డబ్బాలో ఉంది’ అన్నాడు మా ఆయన. ‘ఉంటే ఉంది’ అన్నాడు మావయ్య. ‘దివాణం వాళ్ళు ముందు నాటొద్దని చెప్పారా నీకు?’ ‘ఎవరూ చెప్పలేదురా. ఎప్పుడూ అంతేగా.’ మా ఆయన అన్నం ముందునించి లేచిపోయాడు. నేను కంచాలు తీస్తున్నాను. మావయ్య నాతో అన్నాడు, మెల్లిగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు, ‘అది కాదు తల్లీ. ముందు దిగితే కాళ్ళు వణుకుతాయి నాకు.’

మర్నాడు నేను దివాణానికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మగారు వెనక వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఇల్లంతా బోసిగా ఉంది. గాదెలు ఖాళీ, పాకలో రెండే ఎడ్లు. ‘ఎన్నో నెలే రత్నం?’ అంది. ‘నాలుగు నిండాయండి’ అన్నాను. మజ్జిగ పోసింది, దోసిలి పట్టి తాగాను. తాగి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ అడిగేశాను. ‘అమ్మగారండీ, మీ మొక్క ఎప్పుడు పడుద్దండి? మా నారు ముదిరిపోతోంది.’

ఆవిడకి నా మాట అర్థం కాలేదండి. ‘మీ నారు ముదిరిపోతే మా మొక్కతో ఏం పనే?’ అంది. నేను చెప్పాను. మీరు నాటాకే ఊరు నాటుద్ది కదండీ, అందరూ మీకోసమే ఆగారండీ అన్నాను. ఆవిడ చింతపండు పళ్ళెం కింద పెట్టేసింది. ‘ఎవరాగమన్నారే మిమ్మల్ని? నేను కాపురానికి వచ్చిన దగ్గర్నించీ చూస్తున్నాను, మేం ముందు నాటుతున్నాం, మీరు వెనకాల నాటుతున్నారు. మీకు నీళ్ళు వెనకాల అందుతాయి కాబోసనుకున్నాను. మాకోసం ఆగుతారని నాకు తెలీనే తెలీదు’ అంది. ఆ మొహం చూస్తే అబద్ధం లేదు. ఊరంతా వాళ్ళ అడుగు చూసి అడుగు వేస్తుంటే ఆవిడకి తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి.

అప్పుడు చెప్పింది. ఇంక దివాణం వాళ్ళు వరి వెయ్యరు. పెద్దచేనంతా చేపల చెరువులు తవ్వించడానికి పెద్దబాబుగారు లీజుకిచ్చేశారు. ‘మా మావయ్యకి చెప్పలేదేంటండీ?’ అన్నాను. ‘ఎలా చెప్పను? నీతో ఇంక పని లేదని చెప్పినట్టే కదే. పిల్లలు చెప్తారనుకున్నాను. వాళ్ళేమో నేను చెప్తాననుకున్నారు.’ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి. వచ్చేశాను.

దారంతా ఆలోచించాను. చెప్తే మావయ్య మంచం పడతాడు. చెప్పకపోతే నారు పోతుంది, పుట్టబోయే బిడ్డకి మొదటి తిండిగింజ పోతుంది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి ఇళ్ళకి పోయారు. చేల మీద మనిషి లేడు. మా నారుమడిలో ఒక గుప్పెడు పీకాను. కొంగు దోపుకుని దివాణం పెద్దచేలోకి వెళ్ళాను. ఈశాన్యం మూల వాన నీళ్ళు నిలిచి మెత్తగానే ఉంది. పార లేదు, కాళ్ళతోనే తొక్కాను. గేదె దొర్లినట్టు తొక్కాను. ఆ గుప్పెడూ వంగి నాటేశాను. ముందు దిగితే కాళ్ళు వణుకుతాయని మావయ్య ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. కొల్లేట్లో పుట్టినదాన్ని, నాకూ వణికాయి, ఏడాదిన్నర కాపురానికే. పసుపు కుంకుమ తేలేదని గుర్తొచ్చి, నా మొహాన ఉన్న కుంకుమే వేలితో తీసి గట్టుకి రాసి వచ్చేశాను.

సాయంత్రానికి కేక పుట్టింది. ‘దివాణం మొక్క పడిందర్రోయ్!’ ఇంక చూడాలి. మర్నాడు తెల్లారేసరికి పన్నెండు చేలల్లోనూ మనుషులే. పోలమ్మత్త గొంతు కాలవ అవతలికి వినిపించింది. మొన్నటి భయం ఏమైపోయిందో, ‘కొల్లేటి పిల్లా, వరస చూసుకో, వంకర పోతున్నావ్’ అని నా మీద పడింది. రెండు రోజుల్లో పన్నెండు ఎకరాలూ నాటేశాం. మా ఆయన పాట పాడాడు. ఆయన పాడగా నేను విన్నది అదొక్కసారే.

మా మావయ్య ఒక్కడే మంచం దిగలేదు. ఒంట్లో బాగోలేదన్నాడు. అన్నం వద్దన్నాడు. మూడో రోజు సాయంత్రం నీళ్ళ చెంబు పట్టుకెళ్తే గోడవైపు తిరిగి ఉన్నాడు. ‘ఎవర్ని పిలిచారో చెప్పు తల్లీ. నన్ను కాదని ఎవరిచేత పెట్టించారు? కట్ట మొయ్యలేననుకున్నారా?’ అన్నాడు. నేను ఇది అనుకోలేదండి. నారు సంగతి చూశాను, ఆయన సంగతి చూడలేదు. చెంబు కింద పెట్టి మంచం పక్కన నేలమీద కూర్చున్నాను.

‘నేనే పెట్టాను మావయ్యా.’

ఇటు తిరిగాడు. ‘నువ్వా?’

‘ఆయ్.’

‘వాళ్ళు ఎవర్నీ పిలవలేదా?’

‘లేదండి. వాళ్ళింక వరి వెయ్యరంట. చెరువులు తవ్విస్తారంట.’

మంచం మీద లేచి కూర్చున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. ‘అన్నం పెట్టు’ అన్నాడు. పెట్టాను. కలుపుకున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. చెయ్యి కంచంలో అలాగే ఉంచి ఏడ్చాడు. దివాణం పోయినందుకు ఏడ్చాడో, తన చోటు ఇంకొకడికి ఇవ్వలేదని తెలిసి ఏడ్చాడో నాకు తెలీదు. ఏడ్చి, ముక్కు చీది, అన్నాడు. ‘కేక వినగానే వెళ్ళి చూశాను ఆ మొక్కలు. ఇంత దరిద్రంగా నాటేవాడు దివాణంలో ఎవడు దాపురించాడా అనుకున్నాను. అదేం నాటడమే, కొత్తిమీర కట్ట గుచ్చినట్టు!’ ఏడుస్తూనే నవ్వేశాను. ఆయన ముద్ద ఎత్తాడు.

పది రోజులకి మట్టిపని వాళ్ళు గుడారాలు వేసుకుని పెద్దచేలో దిగారు. అప్పుడు ఊరికి తెలిసింది. అప్పటికి మా నారు వేరు పట్టేసింది, పీకేవాడు ఎవడు? ‘మరి ఆ మొక్క ఎవడు పెట్టాడ్రా?’ అని పోలమ్మత్త రచ్చ చేస్తే ‘నా కోడలు’ అన్నాడు మావయ్య, చుట్ట తియ్యకుండానే. ముదురు నారు కదా, అనుకున్నదాంట్లో సగమే పండింది. ఆ సగంలోంచే నా కొడుకు అన్నప్రాసన జరిగింది.

ఇప్పుడు దివాణం లేదు. ఆ లోగిలి పడగొట్టి ఇళ్ళ స్థలాలు వేశారు. అమ్మగారు పోయేముందు ఏలూరు వెళ్ళి చూసి వచ్చాను. నన్ను కుర్చీలో కూర్చోమంది, నేను కూర్చోలేకపోయాను, ఆవిడ మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ అడిగింది కుర్చీలో కూర్చోమనే కదా, అంత కష్టమేంటో నాకిప్పటికీ తెలీదు. దివాణం చేలన్నీ చెరువులైనయ్యి. లీజుకి తీసుకున్నాయన ఏ ఊరివాడో, కారు దిగగా నేను రెండుసార్లు చూశాను. మా పేట పిల్లలు చదువుకున్నారు, ఎవరికీ తలపాగాలు లేవు, ఎవరూ దోసిలి పట్టరు. నా మనవరాలు ఎవరింట్లో అయినా ముందు కుర్చీ చూసుకుని కూర్చుంటుంది, అది చూస్తే నాకు కడుపు నిండుతుంది. అయినా కాలవకి నీళ్ళు వస్తే మావాడు అరుగు మీద కూర్చుంటాడు. వాడికి వాళ్ళ తాత ముక్కు రాలేదు, రంగు రాలేదు, ఇది వచ్చింది. ‘లేవరా’ అన్నాను. ‘గొడవలవుతాయేమో అమ్మా’ అన్నాడు. ‘అయితే అయినయ్యి’ అని నేనే పార తీసుకుని బయల్దేరితే అప్పుడు వచ్చాడు వెనకాలే, చెప్పులైనా వేసుకోకుండా. బోదె మా చేలోకి మళ్ళించి నీళ్ళు పెట్టాం. గొడవలేం కాలేదు. అసలు ఎవరూ చూడనైనా లేదు.

మావయ్య గురించి ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఆ మరుసటి ఏడు సంగతి. సార్వాకి నీళ్ళొచ్చాయి, నారు సరిగ్గా అందుకొచ్చింది. మంచిరోజని మావయ్య స్నానం చేసి, తలపాగా చుట్టి, నారు కట్ట భుజానేసుకుని మా చేను గట్టు మీదికి వచ్చాడు. నేను చంటివాణ్ణి ఎత్తుకుని వెనకాల ఉన్నాను. అక్కడికెళ్ళి చూద్దుం కదా, మిగతా పదకొండు చేల గట్ల మీదా పదకొండు ఇళ్ళవాళ్ళూ కట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ దిగలేదు. అందరూ మావయ్య వంకే చూస్తున్నారు. దివాణం మొక్క లేదు కాబట్టి పెద్ద పాలేరు మొక్క పడాలిట.

మావయ్య ఒక కాలు బురదలో పెట్టబోయినవాడు ఆగాడు. వాళ్ళందర్నీ ఓసారి చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. కట్ట దింపి, గట్టు మీద చతికిలబడి, తీరిగ్గా చుట్ట వెలిగించాడు.

‘ఏం వీరాస్వామి బాబాయ్, దిగవా?’ అన్నారు అవతల గట్టునించి.

‘దిగను. మీలో ఎవరో ఒకరు దిగాకే దిగుతాను’ అన్నాడు.

‘అదేంటి! నువ్వు పెద్దోడివి.’

‘పెద్దోణ్ణే. నడుం నొప్పి. మీరు కానియ్యండి.’

వాళ్ళు బతిమాలారు. ఈయన కదల్లేదు. చుట్ట అయిపోతే ఇంకోటి వెలిగించాడు. మా ఆయన దిగబోతే ‘నువ్వు నా కొడుకువి, నువ్వు దిగితే నేను దిగినట్టే, కూర్చో’ అని లాగేశాడు. పొద్దెక్కింది. నా చంకలోవాడు ఏడుపు లంకించుకున్నాడు. పన్నెండు గట్ల మీద మనుషులు, పన్నెండు చేలల్లో నీళ్ళు, ఒక్క కాలూ తడవలేదు. చివరికి పోలమ్మత్తకి ఒళ్ళు మండింది. ‘మీ మగాళ్ళ మర్యాదలు తెమిలేసరికి నా నడుం పట్టేసేలా ఉంది. ఎండ మీ బాబు సొమ్మా?’ అని చీర ఎగదోపుకుని, తిట్టుకుంటూ, తన చేలోకి తనే దబ్బున దిగిపోయింది. ఆవిడ వెనకాల ఆవిడ కోడలు. అటు గట్టునించి ఇంకొకరు, ఇటునించి ఇద్దరు, తర్వాత ఎవరు ఎటునించి దిగారో, నీళ్ళు చిందిపోయాయి. ఆ సందట్లో మా మావయ్య చుట్ట గట్టుకి నొక్కి ఆర్పేసి, కట్ట తీసుకుని దిగాడు. ఎన్నోవాడుగా దిగాడో నేను చూడలేదు, పిల్లాణ్ణి సముదాయిస్తున్నాను. సాయంత్రం ఆయన్నే అడిగాను. తనకీ తెలీదన్నాడు.